పదో మెట్టు దాటిన తరువాత

2001 నవంబరు 7, బుధవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. చిత్తూరులో సన్నని జల్లు పడుతోంది. గాలి ఈశాన్యం నుంచి. అంతకు ముందు ఇరవై నాలుగు గంటలలో మా మేడ మీది వర్షమాపకంలో పడినది యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. దాని ముందు రోజుది నలభై ఆరు. దీపావళికి సరిగ్గా వారం ఉంది.

ఆ సమయానికి మా భోజనాల బల్ల మీద ఉన్న కంప్యూటరు తెర పైన నాలుగు వరుసలు కనిపించాయి. కనిపించిన వెంటనే వాటిని నోటుబుక్కులో దించుకున్నాను కనుక ఇప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకోవలసిన అవసరం లేదు. పై చెరువు అంటోంది: "నా మట్టం పన్నెండు మెట్లు. కొంత వదిలించుకోవాలి." కింది చెరువు అంటోంది: "నా మట్టం పదకొండు. మూడు మెట్ల చోటుంది." వాన లెక్క చూసే మూడోది అంటోంది: "ఈ నెలలో రెండు రోజులు ఇట్లా కురిస్తే మూడో రోజూ కురుస్తుంది. వదిలేదేదో ఇప్పుడే వదలడం మంచిది." చివరి వరుస వాటి ఒప్పందం: పై చెరువు తూము తలుపు సగం ఎత్తాలి.

మూడు యంత్రాలు మూడు చోట్ల ఉండి, పక్కన ఏ అధికారీ కూర్చోకుండా, టెలిఫోను తీగ మీద తమలో తాము మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం అది. అందులో ఒక అంకె తప్పు. ఆ తప్పును పుట్టించినవాణ్ణి నేను కాదు. పందొమ్మిది సంవత్సరాలు దాన్ని నా చేతిరాతతో పోషించినవాణ్ణి మాత్రం నేనే. ఆ రోజు ఆ అంకె మీద కింది చెరువు కట్టా, ఆ కట్ట కింది పల్లెలోని నలభై ఒక్క ఇళ్ళూ ఆధారపడి ఉన్నాయి.

నేను నీటిపారుదల కార్యాలయంలో చెరువుల మట్టాలూ, ఆ వైపు పడిన వాన లెక్కా ఉండే రిజిస్టరు రాసిన గుమాస్తాను. 1979 జూన్ నుంచి 1998 జూన్ 30న పదవీ విరమణ చేసేదాకా ఆ రిజిస్టరులో మరొకరి అక్షరం లేదు. ఐరాల వైపు ఒకే వంక మీద, అంటే ఒకే వాగు మీద, ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు చెరువులంటే నాకు మొదటి నుంచీ ప్రీతి. వాటి అందం సంగతి నాకు తెలియదు. వాటి అంకెలు శుభ్రంగా ఉండేవి. రెండు చెరువులకూ తూము పక్కన పద్నాలుగు రాతిమెట్లు. మెట్టుకు తొమ్మిది అంగుళాలు. నీళ్ళు ఎన్నో మెట్టును తాకుతున్నాయో ప్రతి సోమవారం ఆ చెరువు నీరుగంటి ఊళ్ళో పోస్టాఫీసులో నోటితో చెబితే, అక్కడి పోస్టుమాస్టరు కార్డు మీద రాసి పంపేవాడు. కార్డు బుధవారం నా బల్ల మీదికి వచ్చేది. నీరుగంటి అంటే చెరువు నీటిని ఏ మడికి ఎంత, ఏ పొద్దు అని పంచేవాడు, తూము తలుపు ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషి. ఆ పని వంశపారంపర్యం.

ఏటా మే నెలలో నేను తనిఖీకి వెళ్ళి మెట్లను స్వయంగా లెక్కపెట్టేవాణ్ణి. పందొమ్మిది తనిఖీలలో ఒక్కసారి కూడా వాళ్ళు చెప్పిన అంకెకూ నేను చూసిన అంకెకూ తేడా రాలేదు. అందుకే ఇతర చెరువుల కార్డుల మీద పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టే నేను, ఈ రెండింటి కార్డులను నేరుగా సిరాతో ఎక్కించేవాణ్ణి. మే నెలలో ఆ చెరువులు ఎన్నడూ నాలుగో మెట్టు దాటి ఉండవన్న సంగతిని నేను పట్టించుకోలేదు.

పదవీ విరమణకు ముందు ఆ రిజిస్టరును తొమ్మిది నోటుబుక్కులలోకి ప్రతి తీసుకున్నాను. వారానికి ఒకటి చొప్పున ఒక్కో చెరువుకు తొమ్మిది వందల ఎనభై ఎనిమిది నమోదులు. మా ఆవిడ ఆ పుస్తకాలను బియ్యపు డబ్బాల పక్కన, ఎలుకలకు అందని అరలో పెట్టింది. "మనవరాలి పెండ్లి నగలైనా ఇంత భద్రంగా పెట్టలేదు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

2001 జూన్ 18 సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఆ నోటుబుక్కుల కోసం ఒక యువతి మా ఇంటికి వచ్చింది. తిరుపతిలో ఒక ఇంజనీరింగు కళాశాలలో పాఠాలు చెబుతోంది. పరిశోధన కూడా చేస్తోంది. ఊరు రేణిగుంట. బస్సులో వచ్చిన అలసట ముఖం మీద ఉన్నా, మంచినీళ్ళు తాగకముందే పుస్తకాలు చూపమంది. ఆమె మీద నాకు అభిమానం కలిగిన క్షణం అదే. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తరువాతే మొదటి పుట తిప్పింది.

ఆమె పరిశోధన ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లలో ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క ప్రోగ్రాం ఉంటుంది. ప్రతిదానికీ తన పని, తన బాధ్యత ఉంటాయి. తనకు తెలిసింది పక్కదానికి చెబుతుంది. పక్కదాని అవసరాన్ని విని తన పనిని సర్దుకుంటుంది. వాటికి ఏజెంట్లు అని పేరు.

"వీటన్నిటి పైన అధికారి ఎవరమ్మా?" అని అడిగాను.

"ఎవరూ ఉండరు సార్. అవే మాట్లాడుకుంటాయి."

"అధికారి లేకుండా దస్త్రం కదిలిన కార్యాలయాన్ని నేను చూడలేదు."

"అందుకే సార్, మీ ఆఫీసుకు పోకుండా మీ దగ్గరికి వచ్చినాను" అంది.

పై చెరువు దగ్గర పాలసంఘంలో పాలలెక్కల కోసం పెట్టిన కంప్యూటరు ఉంది. కింది చెరువు పల్లెలో టెలిఫోను బూతు నడిపే ఆమెకు ఒకటి ఉంది. మూడోదాన్ని, కళాశాలలో పాతబడినదాన్ని, తిరుపతి అమ్మాయే ఆటోలో తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టింది. నా నోటుబుక్కులలోని వానలెక్కలన్నీ దానికి ఎక్కించింది. రోజూ ఐరాల వాన అంకెను ఫోనులో తెప్పించుకుని అందులో వేయడం నా బాధ్యత. మా ఆవిడ దానికి పూలగుడ్డ కప్పి, "అన్నం యాడ తినాల ఇంక, ఒళ్ళోనా?" అని అడిగి, తానే వంటింట్లో పీటలు వేసింది.

జూలై నెలాఖరులో ఆ అమ్మాయిని చెరువుల దగ్గరికి తీసుకుపోయాను. కింది చెరువు నీరుగంటికి అప్పుడు అరవై నాలుగు సంవత్సరాలు. పై చెరువు నీరుగంటి ఆయన భార్యకు తమ్ముడు, యాభై ఆరు. బావాబామ్మర్దులు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా రెండు మాటలు వరసగా మాట్లాడగా నేను వినలేదు.

"ఏజెంట్లా?" అన్నాడు బామ్మర్ది. "తిరప్తి బస్టాండులో రూము గావాల్నా, రూము గావాల్నా అని సెయ్యి పట్టుకుని లాగతారే, వాళ్ళా పాపా?"

"కాదు తాతా. నీ తరఫున ఒకటి, మీ బావ తరఫున ఒకటి మాట్లాడతాయి."

"మా బావ తరపున మాట్లాడేదానికి మిషనెందుకు? మా అక్క ఉండాది గదా!"

బావ నవ్వలేదు. ఆయన మనిషి నెమ్మది. "పాపా, మా నాయన, మా తాత, మా తాత నాయన, నేను. నాలుగు తరాలు. ఈ కట్ట తెగింది లేదు. నీ మిషను ఏమన్నా సెయ్యనీ, ఆ మాట మాత్రం పోగొట్టాకు" అన్నాడు.

అప్పుడే ఆమె కట్ట మీద పాతిన పొడవాటి వెదురుగడను చూసి, అదెందుకని అడిగింది. కింది చెరువులో నీళ్ళు మితిమీరితే దాని కొనకు తెల్లపంచె కట్టి నిలబెడతారు. రెండున్నర కిలోమీటర్ల అవతల పై చెరువు కట్ట మీది మనిషికి అది కనిపిస్తుంది. కనిపిస్తే తూము మూసి, తన పంచెను రెండుసార్లు ఎగరేసి దించుతాడు. "ఇంక ఫోను ఉంది కదా తాతా, పంచెతో పని లేదు" అని ఆమె మామూలుగా అంది. ఆ మాటను ఆయన ఎంత గట్టిగా మనసులో పెట్టుకున్నాడో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆగస్టు 13 నుంచి యంత్రాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఉదయం ఆరున్నరకు, సాయంత్రం అయిదున్నరకు నీరుగంటులు మట్టం చెప్పడం, బూతులోనో పాలసంఘంలోనో దాన్ని ఎక్కించడం, ఆ తరువాత పది నిమిషాలలో మూడింటి ముచ్చట ముగియడం. నవంబరు 3 దాకా ఎనభై మూడు రోజులు. కరెంటు పోయి, ఫోను తెగి తప్పిపోయినవి ఇరవై ఒకటి; మిగిలిన నూట నలభై అయిదు సంభాషణలలో ఒక్క తప్పు లేదు. ఆ తెర మీద పై చెరువు "నీకు ఎంత కావాలి?" అని అడగడం, కిందిది "ఈ వారానికి చాలు" అని జవాబివ్వడం చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైంది. ఒకనాటి సాయంత్రం కరెంటు పోయి కిందిది జవాబివ్వకపోతే, మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "పాపం, దానికి ఒంట్లో బాగలేదేమో" అంది.

నవంబరు 4 ఆదివారం నాడు రెండు చెరువులూ ఆ ఏడు మొదటిసారిగా పదో మెట్టు దాటాయి.

ఇక ఆ బుధవారం సంగతి. ఒప్పందం ప్రకారం ఏడు గంటలకు పై చెరువు తూము సగం ఎత్తారు. పాఠాలకు సెలవు పెట్టి ఆమె ముందు రోజే వచ్చి పాలసంఘంలో ఉంది. వాన రోజు కనుక గంటకొకసారి మట్టం చెప్పాలని ఏర్పాటు. ఎనిమిది గంటలకు కింది చెరువు: పదకొండు. తొమ్మిది గంటలకు కింది చెరువు: పదకొండు. పై చెరువు మాత్రం ఈ లోపల పన్నెండు నుంచి పదకొండుకు దిగింది.

నేను పెన్సిలు తీసుకున్నాను. పై చెరువు విశాలమైనది. అక్కడ ఒక మెట్టు దిగితే కింద ఒక మెట్టు కంటే తక్కువ ఎక్కడానికి వీలు లేదు. పైగా వాన నీళ్ళు. నీళ్ళు వంకలో దారి తప్పి ఎక్కడికీ పోవు. జల్లులో ఆవిరి కావు. అంటే ఎవరో చెప్పిన అంకె తప్పు. ఆ రెండు చెరువుల అంకెను నేను అనుమానించడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. బూతుకు ఫోను చేశాను, మోగలేదు. పాలసంఘానికి చేశాను, అదీ మోగలేదు. వానకు తీగ తెగింది. గొడుగు, గడియారం, నోటుబుక్కు తీసుకుని తొమ్మిదీ ఇరవైకి బస్సెక్కాను.

పదీ ఇరవై రెండుకు కింది చెరువు కట్ట ఎక్కాను. జల్లు ఆగి, ఆకాశం కాసేపు తెల్లబడింది. నీరుగంటి తల మీద గోనెపట్ట వేసుకుని, పార మీద చెయ్యి ఆనించి, నీళ్ళ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. పల్లె మగవాళ్ళు పాత తూము పక్కన, కట్ట బయటి వైపు ఊట దిగుతున్న చోట, ఇసుకబస్తాలు పేరుస్తున్నారు. నేను మెట్ల దగ్గరికి దిగి, గొడుగు కొనతో తాకి లెక్కపెట్టాను. నీటి పైన కనిపిస్తున్నది ఒక్క మెట్టు. నీళ్ళు పదమూడో మెట్టు మీద ఉన్నాయి.

"పదకొండు అని చెప్పావే!" అన్నాను. నా గొంతు అంత పెద్దది కావడం నాకే కొత్త.

"సెప్పినా సామీ."

"ఇది పదమూడు."

"సూస్తానే ఉండా గదా."

"పొద్దున ఆరున్నరకు ఎంత?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, వేళ్ళతో చూపించాడు. పది వేళ్ళు, ఆ మీద రెండు. నోటితో అనలేదు.

అప్పుడు చెప్పాడు. నిండే చెరువు నిండు కడుపుతో ఉన్న ఆడమనిషి లాంటిది. నెలలు లెక్కపెట్టి పైకి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది. అందుకే పదో మెట్టు దాటిన నాటి నుంచి, మరవ పారి గంగమ్మకు పసుపు కుంకుమ ఇచ్చేదాకా, ఏ నీరుగంటీ తన చెరువు మట్టాన్ని ఒక మెట్టు తగ్గించే చెబుతాడు. మరవ అంటే పద్నాలుగో మెట్టు ఎత్తున, ఎక్కువైన నీళ్ళు తమంతట పొర్లిపోయేందుకు కట్టిన దారి. ఆయన నాయన అట్లానే చెప్పాడు, తాత అట్లానే చెప్పాడు. పై చెరువు వాళ్ళూ అంతే.

"మరి తొమ్మిదింటికి? అప్పటికి పన్నెండు దాటి ఉంటుందే."

"భయమేసింది సామీ. భయమేసినపుడు ఇంకొంచెం తగ్గిస్తాము."

"మరి మీ బామ్మర్దికి నిజం ఎట్లా తెలిసేది ఇన్నాళ్ళూ?"

"వాడికి తెల్దా? నేను పదకొండంటే వాడు పన్నెండని కలుపుకుంటాడు. వాడు పన్నెండంటే నేను పదమూడని కలుపుకుంటా. మిషను గూడా కలుపుకుంటాదనే అనుకున్నా. ఇంత సదువుకున్న పాప సేసింది, ఆ మాత్రం తెలీదా దానికి?"

కలపవలసినదాన్ని కలపడం ఆ ప్రోగ్రాంకు ఎవరు చెప్పాలి? ఆమెకు తెలియదు. తెలిసిన ఇద్దరూ చెప్పవలసిన సంగతని అనుకోలేదు. ఆమెకు అంకెలు ఇచ్చిన నేను, వాటికి పూచీ పడిన నేను, పందొమ్మిదేళ్ళు వాటిని సిరాతో రాసినవాణ్ణి.

"ఇంతదాకా వచ్చాక పంచె ఎందుకు ఎగరెయ్యలేదు?" అని అడిగాను.

ఆయన తల వంచుకున్నాడు. "పంచెతో పని లేదనింది గదా సామీ పాప. ఊరందరూ సూస్తా ఉండంగా నేను పంచె ఎగరేస్తే మిషను మీద నమ్మకం లేనట్టే గదా. ఆ పిల్లకు సిన్నతనం అయితాదని."

నాలుగు తరాల కట్టను చేతిలో పెట్టుకుని, ఒక ఆడపిల్ల మనసు నొచ్చుకుంటుందని మూడున్నర గంటలు ఊరుకున్నాడు ఆ మనిషి. "సిన్నతనం అయితే అయింది, ఎగరెయ్" అన్నాను. నా జీవితంలో నేను మాండలికంలో ఇచ్చిన ఆజ్ఞ అదొక్కటే.

కట్టుకున్న పంచెనే విప్పి, గోచితో నిలబడి, వెదురుగడకు కట్టి నిలబెట్టాడు. అప్పుడు పదీ ముప్పై ఎనిమిది. నేను ఒక చేత్తో గడియారం, ఒక చేత్తో గొడుగు పట్టుకుని పైకట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. ఫోను వచ్చిన మూడు నెలల తరువాత పంచె కోసం ఎవరైనా చూస్తారా అని నా అనుమానం. మబ్బు మళ్ళీ ముసురుకుంటోంది. ఇంకో పావుగంటలో ఆ దూరం కనిపించదు.

పదీ యాభై రెండుకు అవతల కట్ట మీద ఒక తెల్లని చుక్క లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. దిగింది.

"సూస్తానే ఉండాడు నా కొడుకు" అన్నాడు బావ. తిట్టు అదే, గొంతు మాత్రం వేరు.

అక్కడ ఏమి జరిగిందో సాయంత్రం ఆమే చెప్పింది. బామ్మర్ది అరగంటకొకసారి పాలసంఘం నుంచి బయటికి వచ్చి కింది వైపు చూసి పోతున్నాడట. ఎందుకు తాతా అంటే, "అలవాటు పాపా, మెడకు అలవాటు" అన్నాడట. పంచె కనిపించగానే తూము వైపు పరుగెత్తాడు. ఆమె వెంటపడి, "తాతా, తెర మీద సగం ఎత్తమనే ఉంది, కిందిది ఇంకా మూడు మెట్లు చోటుందంటోంది" అని అడ్డం చెప్పిందట. తలుపు తిప్పుతూనే ఆయన, "మిషను మొగం నేను సూడలే పాపా. మా బావ మొగం నలభై ఏండ్లుగా సూస్తాండా. ఊరికే పంచె ఇప్పే మనిషి కాదు" అన్నాడట.

పైనుంచి వచ్చే నీళ్ళు ఆగినా వంకలో ఉన్నవి రావలసినవే. పదకొండున్నరకు పెద్దవాన మొదలైంది. మరవ ఒట్టి వాననీటిని మోయగలదు. దానికి తూము నీళ్ళు కూడా తోడై ఉంటే కట్ట మీదికే ఎక్కేవి. ఊట దగ్గర పేర్చిన బస్తాలు రెండు వందల ఆరు. ఆ లెక్క నేను కట్ట మీద నిలబడి పెట్టినది. పల్లెలోని నలభై ఒక్క ఇళ్ళలో బస్తా మోయని ఇల్లు లేదు. నీరుగంటి భార్య అందరికీ సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి, గోచితో తిరుగుతున్న మొగుణ్ణి చూసి, "పంచె నీళ్ళాపేదానికా, నీ సిగ్గు తీసేదానికా?" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

పన్నెండూ ముప్పై అయిదుకు నీళ్ళు పద్నాలుగో మెట్టు మీదుగా మరవలోకి పొర్లాయి. మొదట ఒక పలుచని పొర, తరువాత చప్పుడు. ఊట పెరగలేదు. ఒక గంట చూశాము, పెరగలేదు. అప్పుడు నీరుగంటి మరవ రాతి మీదికి దిగి, పసుపు చల్లి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, నిటారుగా నిలబడి, అందరికీ వినిపించేలా నన్ను పిలిచాడు.

"సామీ, నిండింది! పద్నాలుగు! రాసుకో!"

రాసుకున్నాను. ఆ ఒక్క అంకెను రాస్తున్నప్పుడు నోటుబుక్కు తడిసి సిరా పాకింది; దాన్ని మళ్ళీ శుభ్రంగా ఎక్కించుకోలేదు. అలానే ఉంచాను.

మూడు గంటలకు ఆమె పై చెరువు నుంచి నడిచి వచ్చింది, బామ్మర్ది వెంట. సంగతంతా విని కట్ట మీదే కూలబడి ఏడ్చింది. నా తొమ్మిది పుస్తకాలలో ఎక్కడా లేనిదాన్ని ఆమె ఎట్లా తెలుసుకుంటుందని నేను అన్నాను. అది ఓదార్పుగా అనలేదు, వాస్తవం. కళ్ళు తుడుచుకుని, "తాతా, ఇక మీదట నిజం మట్టమే చెప్పు, ఎవరికీ వినపడకుండా చీటీ మీద రాయించి ఇయ్యి" అని బతిమాలింది.

"ఎవురికీ వినపడకపోతే మాత్రం, నాకు వినపడదా పాపా?" అన్నాడు బావ. "నేను సెప్పేది నేను సెప్తా. కలుపుకునేది మిషనునే కలుపుకోమను. మా బామ్మర్ది కలుపుకోలా? వానికంటే మొద్దుదా అది?"

"బావా, ఇంతకాలానికి ఒక మంచి మాట అన్నావు నా గురించి" అన్నాడు బామ్మర్ది.

ఆమె ప్రోగ్రాంను అట్లానే మార్చింది. పదో మెట్టు దాటిన తరువాత, మరవ పారేదాకా, పక్క చెరువు చెప్పిన అంకెకు ఒకటి కలుపుకోవాలి. నీళ్ళు వస్తున్నా అంకె కదలకపోతే, కింది మనిషి భయపడుతున్నాడని గ్రహించి తూము మూయమనాలి. ఇంకొక వరుస కూడా చేర్చింది: ప్రతి సంభాషణ చివర తెర మీద "పంచె చూశారా?" అన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ఎక్కించనిదే తూము మాట రాదు. తెలిసి తెలిసి లెక్కలోకి ఒక అబద్ధాన్ని ఎక్కిస్తున్నామని నేను మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు ఒప్పుకున్నాను. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒకే విధంగా సరిచేసుకునే తేడాను అబద్ధమనడానికి నాకు సరైన కారణం దొరకలేదు.

మిగిలింది నా రిజిస్టరు. 2002 ఫిబ్రవరి 10 ఆదివారం ఉదయం తొమ్మిదికి బావాబామ్మర్దులు, బావ భార్య, ముగ్గురూ చిత్తూరుకు మా ఇంటికి వచ్చారు. తిరుపతి నుంచి ఆమె కూడా వచ్చింది. పదో మెట్టు దాటినట్టు ఉన్న ప్రతి నమోదునూ చదివాను. ఆ ఏడు ఆ వారానికల్లా మరవ పారిందా లేదా అన్నది వాళ్ళు చెప్పాలి. పారి ఉంటే అంకె నిజం, లేకపోతే ఎర్రసిరాతో ఒకటి కలపాలి. నా వానలెక్కలతో సరిచూసుకుంటూ పోయాను. ఎద్దు చచ్చిన ఏడని ఒకరు, మరవ దగ్గర గంపెడు చేపలు పట్టిన ఏడని మరొకరు. వాళ్ళ జ్ఞాపకాలలో తేదీ ఒక్కటి లేదు; అయినా నా వాన అంకెలతో ఎక్కడా తగాదా పడలేదు.

1987 డిసెంబరు 7 సోమవారం దగ్గర ఆగిపోయాము. కింది చెరువు, పన్నెండు. ఆ రోజు బావ ఊళ్ళో లేడు. పోస్టాఫీసులో మట్టం చెప్పింది ఆయన భార్య.

"అయితే అది నిజమే" అన్నాడు బావ. "నేను సెప్పి పోలేదు తగ్గించమని. ఉండేది ఉండినట్టే సెప్పుంటాది."

"మా అక్కా? ఉండేది ఉండినట్టా?" అన్నాడు బామ్మర్ది. "పుట్టినాంక ఒకసారన్నా సెప్పిందా? కలుపు సారూ, రెండు కలుపు!"

ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. చివరికి ఆమెనే అడిగాను. వంటింటి గడప మీద కూర్చుని మా ఆవిడతో కలిసి చిక్కుడుకాయలు వలుస్తున్న ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"ఆ పొద్దు నేను సెరువు కాడికే పోలేదు సామీ. దూడకు బాగలేదు. పోయిన వారం ఎంతని ఆ పోస్టాయననే అడిగి, అదే రాసుకోమన్నా."

గదిలో అందరూ నవ్వారు. తిరుపతి అమ్మాయి అయితే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వానని మా ఆవిడ తరువాత చెప్పింది. ఆ నమోదు మీద నల్లసిరా, ఎర్రసిరా ఏదీ వేయలేదు. పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఆ రెండు చెరువులకు నేను పెట్టిన మొదటిదీ చివరిదీ అదే.

సాయంత్రం నాలుగూ పదికి పని ముగిసింది. రెండు చెరువులకూ కలిపి నమోదులు పందొమ్మిది వందల డెబ్బై ఆరు. వాటిలో పదో మెట్టు దాటినవి రెండు వందల పన్నెండు. ఉన్నది ఉన్నట్టుగా ఉన్నవి నలభై ఎనిమిది. ఒకటి కలిపి దిద్దినవి నూట అరవై మూడు. తేలనిది ఒకటి.